నలభై ఒక్క సెంటీమీటర్ల మనిషి

ఇరవై ఆరేళ్ళపాటు నేను తక్కువ కొలతల మీద కేసులు రాశాను. బట్టల కొట్టులో మీటరు బద్ద పిసరంత అరిగినా, చేపల బజారులో కాటా ఒక పక్కకి మొగ్గినా, నూనె కొలిచే డబ్బాకి సొట్ట పడినా నా కళ్ళు కప్పడం ఎవరి తరమూ కాలేదు. అలాంటి నా మీద, మట్టపర్తి తాతారావు అనే సీనియర్ తనిఖీదారు మీద, మా ఆఫీసే తక్కువ కొలత కేసు రాసింది. పంచనామాలో జప్తు వస్తువు పేరు దగ్గర ‘కుడి అంగ ఒకటి, ఎడమ అంగ ఒకటి’ అని ఉంది. ఇద్దరు సాక్షుల సంతకాలూ ఉన్నాయి. రాతలో ఒక్క తప్పు లేదని నేనే ఒప్పుకుంటాను.

మాది కొలతల పరిరక్షణ మండలి, జిల్లా కార్యాలయం. ఊరు గోదావరి పక్కనే ఉంది, పేరెందుకు లెండి. వర్షాకాలం చివర్లో నన్ను న్యుమోనియా పట్టుకుంది. పంతొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. అందులో ఆరు రోజులు ముక్కుకి గొట్టం పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. ఇంటికి పంపించేరోజున డాక్టర్ ఇందుమతి గారు ఒక కాగితం రాసిచ్చి, ఎదురుగా కూచోబెట్టి మరీ చెప్పారు.

“యాభై రెండేళ్ళ మనిషి మీరు. ఊపిరితిత్తులు ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. రోజుకి ఇరవై నిమిషాలు నడవండి. పక్క మనిషితో మాట్లాడుతూ నడవగలిగినంత నెమ్మదిగానే నడవాలి. ఆయాసం వస్తే ఆగిపోండి. ఒంట్లో బాగుంటే వారానికి రెండు నిమిషాలు పెంచుకోండి. అసలు నడవకపోయినా మీకు ముప్పే, మొండికేసి నడిచినా ముప్పే.”

తరువాత మా ఆవిడ సత్యవేణి వైపు తిరిగి, “మళ్ళీ తిరగబెడితే ఈసారి లేవడం కష్టమమ్మా, చూసుకోండి,” అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆటోలో ఇంటికి చేరేదాకా సత్యవేణి నా మోచెయ్యి వదల్లేదు. నాకూ భయం వేసింది. దాచడం ఎందుకు, బాగా భయం వేసింది.

నేను మళ్ళీ డ్యూటీలో చేరేసరికి ఆఫీసులో ఒక సర్క్యులర్ నాకోసం ఎదురుచూస్తోంది. పైఆఫీసు నుంచి వచ్చింది. ‘నడక ద్వారా నవ పరిపాలన’ అట. నలభై అయిదేళ్ళు దాటిన ప్రతి ఉద్యోగీ ఆఫీసు ఆవరణలోనే రోజుకి పదివేల అడుగులు నడవాలి, ఆ సంఖ్య రిజిస్టరులో ఎక్కించాలి. మా పక్క ఆఫీసుల వాళ్ళంతా లౌక్యం తెలిసినవాళ్ళు. పొద్దున వస్తూనే రిజిస్టరులో పదివేలు వేసేసి, టీ తాగి, ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు. మాకు ఆ అదృష్టం లేకపోయింది. మేం కొలతల వాళ్ళం.

మా జిల్లా నియంత్రణాధికారి కొల్లూరి చంద్రమౌళి గారు వెంటనే మీటింగు పెట్టారు. ఆయనకి యాభై ఆరేళ్ళు. మనిషి మంచివాడే. ఒకరి పొట్ట కొట్టిన పాపాన పోలేదు. కాకపోతే ఆయన నోట్లోంచి వచ్చే ప్రతి మాటా గెజిట్‌లో అచ్చయి వచ్చినట్టుంటుంది.

“అడుగుల సంఖ్య తెలియజేయబడినది,” అన్నారు. “అడుగు యొక్క పొడవు మాత్రం సర్క్యులరులో ఎక్కడా నిర్వచింపబడలేదు. నిర్వచింపబడని పరిమాణమును లెక్కించుట మన నిబంధనల రీత్యా నేరము. ఇదే పని ఒక కిరాణా వర్తకుడు చేసినచో మనం ఊరకుందుమా?”

ఊరుకోం. అందరితోపాటు నేనూ తలూపాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో మా మండలిని చూసి నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఎవరి అంగని ప్రమాణంగా తీసుకోవాలనే దాని మీద కమిటీ నాలుగు రోజులు కూచుంది. ఎత్తుని బట్టి తీసుకోవాలని కొందరు, బరువుని బట్టి తీసుకోవాలని కొందరు వాదించారు. చివరికి సీనియారిటీని బట్టి చంద్రమౌళి గారి అంగనే ఖాయం చేశారు. కొలిచే రోజున క్యాంటీనువాడు ఆయన ఉప్మాలో వద్దన్నా ఉల్లిపాయ వేశాడు. ఆయన ఉప్మా ప్లేటు పట్టుకుని గదిలోంచి క్యాంటీను దాకా విసవిసా వెళ్ళారు. మా జూనియర్ తనిఖీదారు సలోమి సుద్దముక్క పట్టుకుని వెనకాలే గుర్తులు పెట్టుకుంటూ పరిగెత్తింది. సగటున డెబ్బై అయిదు సెంటీమీటర్లు తేలింది. ఆ రోజు నుంచీ మా జిల్లాలో అడుగంటే డెబ్బై అయిదు.

తరువాత ఉద్యోగుల అంగల తనిఖీ మొదలైంది. వరండా పొడుగునా నల్లగుడ్డ పరిచారు. చెప్పుల కింద సుద్దపొడి రాసి ఒక్కొక్కర్నీ నడిపించారు. సలోమి ఇత్తడి మీటరు బద్ద పెట్టి కొలిచింది. నలభై అయిదు దాటినవాళ్ళం పధ్నాలుగు మందిమి. కొందరు బురదగుంట దాటుతున్నట్టు కాళ్ళు చాపారు. రికార్డు రూము ఆయనకి ప్యాంటు కుట్టు విడిపోయింది. అయినా సరే, డెబ్బై అయిదు తెచ్చాడు. నెగ్గినవాళ్ళ చెప్పులకి, కాటాలకి వేసినట్టే, తీగ చుట్టి సీసం సీలు వేశారు.

నా వంతు వచ్చింది. నేను డాక్టరమ్మ చెప్పినట్టే నడిచాను.

“నలభై ఒకటండి,” అంది సలోమి గొంతు తగ్గించి.

“పునఃపరిశీలించుము,” అన్నారు చంద్రమౌళి గారు.

“మూడుసార్లు చూశానండి. నలభై ఒకటేనండి.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “తాతారావు గారూ, ముప్పై నాలుగు సెంటీమీటర్ల తరుగు. ఒక బట్టల వర్తకుడు కొలతలో ఇంత తరుగు పెట్టినచో మీరేం చేస్తారు?”

“కేసు రాస్తానండి.”

“మరి?”

నేను జేబులోంచి డాక్టర్ కాగితం తీసి ఇచ్చాను. ఆయన దాన్ని పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చదివారు. “డాక్టరు గారు ఇరవై నిమిషములు అని వ్రాసినారు. నిమిషము కాలపరిమాణము. ప్రభుత్వము కోరుచున్నది దూరము. ఈ రెంటికీ మార్పిడి పట్టిక మన వద్ద లేదు. కావున ఈ కాగితమును కొలతగా స్వీకరింపజాలము,” అని తిరిగి ఇచ్చేశారు.

పంచనామా సలోమి రాసింది. ఉద్యోగంలో చేరినప్పుడు ఆ పిల్లకి పంచనామా రాయడం నేర్పింది నేనే. “ఏమీ అనుకోకండి గురువుగారూ,” అంటూ తల వంచుకుని రాస్తోంది. తొమ్మిదో గడిలో రాయాల్సిన సంగతి ఏడో గడిలో రాస్తుంటే చూడలేక నేనే దిద్దాను. కాళ్ళు జప్తు చేసి స్టోరులో పెట్టడానికి వీల్లేదు కాబట్టి, ముద్దాయి దగ్గరే భద్రంగా ఉంచినట్టు రాసుకుని నాచేత సంతకం పెట్టించుకున్నారు.

శిక్ష కూడా లెక్క ప్రకారమే పడింది. పదివేల ప్రామాణిక అడుగులంటే ఏడున్నర కిలోమీటర్లు. దాన్ని నలభై ఒకటితో భాగించారు. కేసు తేలేదాకా నేను రోజుకి పద్దెనిమిది వేల రెండువందల తొంభై మూడు అడుగులు నడవాలి. ఆరోగ్యవంతుడు పదివేలు నడిస్తే చాలు, రోగి దానికి దాదాపు రెట్టింపు నడవాలన్నమాట. భాగహారంలో తప్పుందేమోనని నేను ఇంటికెళ్ళి మళ్ళీ వేసి చూశాను. తప్పు లేదు.

మొదటిరోజు పదకొండు వందలు దాటేసరికి నా గుండెల్లో పిల్లి గుర్రుమన్న చప్పుడు మొదలైంది. వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఆగినందుకు రిజిస్టరులో ‘అకారణ విరామం’ అని పడింది. రెండోరోజు తొమ్మిది వందలకే దగ్గు వచ్చింది. మూడోరోజు ఇంటికి వెళ్ళి, గుమ్మంలో చెప్పులు విప్పడానికి వంగి, మళ్ళీ లేవడానికి గోడ పట్టుకున్నాను. సత్యవేణి అది చూసింది. మర్నాడు నాతోపాటు ఆటో ఎక్కి ఆఫీసుకి వచ్చింది.

“ఆఫీసరు గారు మీరేనాండి?” అంది, చంద్రమౌళి గారి గదిలోకి నేరుగా వెళ్ళి.

“జిల్లా నియంత్రణాధికారిని. కూర్చోండమ్మా.”

“కూచోడానికి రాలేదండి. మా ఆయన మొన్నమొన్నటిదాకా మంచం దిగలేకపోయారండి. నెమ్మదిగా నడవమంది డాక్టరమ్మ. ఆయన నడకేదో ఆయన్ని నడవనివ్వండి. మీ సొమ్మేం పోయిందండి?”

ఆయన నిజంగానే బాధపడ్డారు. మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. “అమ్మా, మాకు సానుభూతి ఉన్నది. ఫారములో సానుభూతికి గడి లేదు. ‘అనుమతింపదగు లోపము’ అనే గడి మాత్రము ఉన్నది. మీటరు బద్దకి అర మిల్లీమీటరు వరకు లోపము అనుమతిస్తాము. మీవారి అనారోగ్యమును దృష్టిలో ఉంచుకుని, ప్రత్యేక సందర్భముగా, దానిని ఒక పూర్తి సెంటీమీటరు చేయుచున్నాను. ఇరవై రెట్లు సడలింపు. ఈ రాష్ట్రంలో ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు.”

“ఆయన ఊపిరి సంగతి నేను మాట్లాడతంటే సెంటీమీటర్లంటారేంటండి,” అంది సత్యవేణి. బయటికొచ్చి, వరండా బల్ల మీద కూచుని పమిట చెంగుతో కళ్ళొత్తుకుంది. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ఆస్పత్రిలో కూడా నేను చూడలేదు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు. ఈ నిబంధనలన్నీ ఇరవై ఆరేళ్ళుగా నేను ఊరందరికీ చదివి వినిపించినవే.

ఆ వారంలోనే రాజధాని నుంచి కమీషనర్ గారు తనిఖీకి వచ్చారు. నడకకి ప్రమాణం కనిపెట్టిన ఏకైక జిల్లాగా మా పేరు అప్పటికే పైదాకా పాకింది. కొత్త తెల్ల క్యాన్వాసు బూట్లు వేసుకుని దిగారు. పూలదండ వేశాక, ప్రారంభ సూచకంగా వారినే నల్లగుడ్డ మీద నాలుగడుగులు వేయమని చంద్రమౌళి గారు ప్రార్థించారు. కమీషనర్ గారికి రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది, మోకాళ్ళు మాత్రం ముందే రిటైరయ్యాయి. చిరునవ్వు చెదరకుండా, ఎంతో జాగ్రత్తగా నడిచారు. సలోమి అలవాటు కొద్దీ వంగి బద్ద పెట్టింది. పెట్టకుండా ఉంటే బాగుండేదని ఆ పిల్లకి ఆ తరువాత తట్టింది.

“ఎంత వచ్చిందమ్మా?” అన్నారు కమీషనర్ గారు ముచ్చటగా.

సలోమి నా వైపు చూసింది. నేను చేసేదేముంది. “నలభై ఒకటండి,” అంది.

రికార్డు రూము ఆయన పైకప్పు చూడటం మొదలుపెట్టాడు. చంద్రమౌళి గారు మాత్రం రెండే రెండు క్షణాలు ఆలోచించారు. ఆయన తెలివి తక్కువవాడని నేనెప్పుడూ అనలేదు.

“ఇంతకాలము మేము పొరబడితిమి,” అన్నారు చేతులు జోడించి. “అనుభవజ్ఞులైన అధికారుల అంగ నలభై ఒకటి అని నేడు ప్రత్యక్షముగా నిరూపితమైనది. డెబ్బై అయిదు అనునది తాత్కాలిక ఆవేశముతో కూడిన కొలత.”

మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు టైపయింది. ప్రామాణిక అంగ ఇకపై నలభై ఒక్క సెంటీమీటర్లు. అంతకు మించినవన్నీ అధిక కొలతలు, నేరమే. కానీ ప్రమాణం అన్నాక దాని అసలు నమూనా ఒకటి జిల్లాలో భద్రంగా ఉండాలి కదా. కమీషనర్ గారిని బీరువాలో పెట్టుకోవడానికి లేదు, వారు సాయంత్రం బండికి వెళ్ళాలి. జిల్లా మొత్తం మీద వారితో సరితూగే అంగ ఒక్కటే ఉంది. నా మీద కేసు ఒక్క వాక్యంతో కొట్టేశారు. అదే కాగితం రెండో వైపున నన్ను జిల్లా మూల ప్రమాణంగా ప్రకటించారు. శాలువా కూడా కప్పారు.

ఇంటికెళ్ళి చెబితే సత్యవేణి నమ్మలేదు. “అయితే ఇంక మిమ్మల్ని పరిగెత్తించరు కదండీ,” అని మాత్రం అడిగింది.

పరిగెత్తించడం కాదు, అసలు నడవనివ్వలేదు. మూల ప్రమాణాన్ని రోజువారీ వాడకానికి వాడకూడదు, అరిగిపోతుంది. ఈ నియమం కొత్తగా చేరిన ప్రతివాడికీ నేనే పాఠం చెప్పాను. నన్ను ఏసీ గదిలో కూచోబెట్టారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గది ఉష్ణోగ్రత, గాలిలో తేమ పట్టికలో రాశారు. బాత్రూముకి వెళ్ళాలంటే చక్రాల కుర్చీలో తోసుకెళ్ళారు. గేటు దాకా అదే కుర్చీ, అక్కణ్ణుంచి ఇంటికి ఆటో. ఇంటి దగ్గర అనవసరంగా నడవనని హామీ పత్రం కూడా రాయించుకున్నారు.

బయట వరండాలో మిగతావాళ్ళు చీలమండలకి నాడా కట్టుకుని నడుస్తున్నారు. నాడా పొడవు సరిగ్గా నలభై ఒకటి, దానికీ సీసం సీలు. సంతలో కాళ్ళు కట్టేసిన కోళ్ళలాగా చుట్టూ తిరుగుతూ లెక్కపెట్టుకుంటున్నారు. పదివేలు పూర్తయ్యేసరికి ఆఫీసు మూసే వేళవుతోంది. ముద్ర కోసం తెచ్చిన కాటాలు గుమ్మం దగ్గర గుట్టపడ్డాయి. ఒకరోజు చేపలమ్మే ఆవిడ నా గది కిటికీ దగ్గరికొచ్చి, “ఏవండీ, మూడోసారి తిరగడవండి ఇది. కాటా చూసేవోళ్ళెవరూ లేరాండి?” అని అడిగింది.

“అందరూ నడుస్తున్నారమ్మా.”

“మరి మీరు ఖాళీయే కదండీ?”

“నేను ప్రమాణాన్నమ్మా. నన్ను వాడకూడదు.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మొదట్లో నాకు హాయిగానే ఉంది. చల్లటి గది, మెత్తటి కుర్చీ, అడిగేవాడు లేడు. పన్నెండు రోజులు గడిచాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆస్పత్రి గుమ్మం నుంచి ఆవిడ గది దాకా ముప్పై గజాలుంటుంది. సగం దూరంలోనే నాకు ఊపిరి అందలేదు. ఆవిడ స్టెతస్కోపు పెట్టి విని, “నడవడం లేదా మీరు?” అన్నారు.

“నడవకూడదండి. అరిగిపోతానండి.”

మిగతాదంతా సత్యవేణి చెప్పింది. ఇందుమతి గారు నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. “ఇలాగే ఇంకో నెల కూచుంటే ఆ ఊపిరితిత్తి కింది భాగం పనిచేయడం మానేస్తుంది. మళ్ళీ జబ్బు చేస్తే తట్టుకోలేరు. నిబంధనలు మీ ఇష్టం, ఊపిరి మాత్రం మీది. పదిహేను నిమిషాలతో మళ్ళీ మొదలుపెట్టండి,” అన్నారు.

దాంతో సత్యవేణి ఒక నిర్ణయానికి వచ్చింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనం వేళకి క్యారేజీతో ఆఫీసుకి రాసాగింది. ఆ వేళకి నాడాలవాళ్ళందరూ కాళ్ళు చాపుకుని కూచుంటారు. నా గదికి వెనక తలుపు ఉంది. అది జప్తు చేసిన కాటాలు పడేసే దొడ్లోకి తెరుచుకుంటుంది. తుప్పు పట్టిన కాటాల మధ్య, ఒరిగిపోయిన తూకపు బల్లల మధ్య, నా ఇరవై ఆరేళ్ళ సర్వీసు గుట్టలు గుట్టలుగా పడి ఉన్నచోట, మేమిద్దరం నడక మొదలుపెట్టాం.

మాట్లాడుతూ నడవగలిగినంత వేగం అని డాక్టరమ్మ అన్నారు కదా. ఆ బాధ్యత సత్యవేణి తీసుకుంది. పెళ్ళిలో మా మేనత్త పెట్టిన వెలిసిపోయిన చీర సంగతి దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఒక్కో పాత తగువూ బయటికి తీసింది. నేను జవాబు పూర్తిగా చెప్పగలిగితే నడక సాగుతుంది. వాక్యం మధ్యలో ఊపిరి తెగితే ఆవిడ టక్కున ఆగిపోతుంది. నేను ఊపిరి పీల్చుకుని, వాక్యం ముగించేదాకా ఆగుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో నా జవాబు కోసం ఆవిడ ఆగి నిలబడటం అదే మొదలు. ఆ మాట అంటే, “మాటాడకుండా నడవండి,” అంది. మళ్ళీ వెంటనే, “కాదులెండి, మాటాడుతూనే నడవండి,” అంది.

రెండు వారాలకి మేనత్త చీర తగువు ఆగకుండా చెప్పగలిగాను. ఆరో వారానికి మా బావమరిది పెళ్ళి గొడవ మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపున వచ్చేసింది. ఎనిమిదో వారం పూర్తయ్యేసరికి నడక అరగంటకి దగ్గరపడింది. గుండెల్లో గుర్రు వినబడటం మానేసింది. రాత్రి అన్నం రెండోసారి వడ్డించుకుంటుంటే సత్యవేణి నన్ను చూసి నెయ్యి వేసింది. నాకు బతుకు మీద మళ్ళీ ఆశ పుట్టింది.

సరిగ్గా అప్పుడే మూడు నెలలకోసారి చేసే మూల ప్రమాణాల తనిఖీ వచ్చింది. నల్లగుడ్డ పరిచారు. నేను చిన్నగా నడవాలనే అనుకున్నాను. కాళ్ళు వినలేదు.

“నలభై ఆరండి,” అంది సలోమి. ఈసారి ఆ పిల్ల గొంతులో సంతోషం దాగలేదు.

మర్నాడు మెమో వచ్చింది. ‘జిల్లా మూల ప్రమాణమైన మీరు అయిదు సెంటీమీటర్లు పెరిగియున్నట్లు కనుగొనబడినది. మీరు కోలుకొనుటకు గల కారణములను మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. లేనిచో తగు చర్య తీసుకొనబడును.’

నేను మూడు రోజులు తీసుకోలేదు. అక్కడే నిలబడి రాసిచ్చేశాను. ‘అయ్యా, రోజూ కొంచెంసేపు నడిచాను. ఆయాసం వస్తే ఆగాను. తగ్గాక మళ్ళీ నడిచాను. అందువల్ల కోలుకున్నాను. ఇకముందు కూడా ఇలాగే చేయదలచానని మనవి.’

చంద్రమౌళి గారు నన్ను గదిలోకి పిలిచారు. నేను నడిచే వెళ్ళాను, కుర్చీ వద్దన్నాను. సలోమి ఫైలుతో పక్కన నిలబడి ఉంది. ఆయన నా సంజాయిషీని ఎర్ర పెన్సిలు పట్టుకుని చదువుతున్నారు. రెండో వాక్యం కింద గీత గీశారు.

“ఆగుటకు అనుమతి ఎవరు ఇచ్చినారు?”

“ఎవరూ ఇవ్వలేదండి. ఆయాసం వచ్చింది, ఆగాను.”

“ఏ నిబంధన క్రింద?”

“నిబంధన గుర్తుకురాలేదండి ఆ టైములో. ఊపిరి అందలేదు.”

ఆయన ఆ గీత మీదే ఇంకో గీత గీశారు. మూడోసారి గీయబోయి పెన్సిలు కింద పెట్టారు. “అమ్మా, నువ్వు కాసేపు బయట ఉండు,” అన్నారు సలోమితో. ఆ పిల్ల తలుపు మూసి వెళ్ళింది. చొక్కా పైబొత్తం తీసుకుని, అరచెయ్యి గుండె మీద పెట్టుకున్నారు.

“తాతారావు గారూ,” అన్నారు. ఆ గొంతులో గెజిట్ లేదు. “మూడో చుట్టులో ఇక్కడ పట్టేస్తందండి. రాయి పెట్టినట్టుంటంది. చెమటలు పోసేస్తన్నాయి. నెలయింది.”

“నెల నుంచీ అలాగే నడుస్తున్నారా?”

“ముందు నడిచేది నేనే కదండీ. నేను ఆగితే వెనకున్న పదమూడు మందీ చూస్తారు. పెట్టిన రూలు నాది.” ఆయన నా వైపు చూడకుండా నా సంజాయిషీ వైపే చూస్తున్నారు. “మీరు ఎలా ఆగారండి? అంటే, ఎవరైనా ఏమన్నా అనుకుంటారని అనిపించలేదా?”

అంతవరకూ ఆయన మీద నాకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. నాకు భయం వేసింది. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు ఆటోలో వేసిన భయమే. కాకపోతే ఈసారి ఆయన గురించి వేసింది.

“సార్, లేవండి. ఇప్పుడే ఆస్పత్రికి వెళ్దాం,” అన్నాను.

“మధ్యాహ్నం సమీక్షా సమావేశం ఉందండి.”

“సమావేశం ఆగుతుందండి. లేవండి.”

ఎందుకో నా మాట విన్నారు. లేవబోయి మళ్ళీ కూచుని, బెల్లు కొట్టి సలోమిని పిలిచారు. “రాయమ్మా. ‘నడకలో ఆయాసము కలిగిన ఉద్యోగి ఆగవచ్చును.’ నా సంతకానికి పెట్టు.”

సలోమి రాసింది. రాశాక కలం ఎత్తకుండా అలాగే ఆగింది. నేను నేర్పిన పిల్లే కదా. “ఆయాసానికి ప్రమాణం ఎంతని వేయమంటారండి?” అని అడిగింది.

చంద్రమౌళి గారు ఇత్తడి బద్ద వైపు చూశారు. గోడ మీద పట్టికల వైపు చూశారు.

“దాన్ని కొలవకమ్మా,” అన్నారు. “వచ్చినోడికి తెలుస్తుంది.”

సంతకం పెట్టి, నా భుజం పట్టుకుని లేచారు. వరండాలో నాడాలవాళ్ళు లెక్క ఆపి దారిచ్చారు. ఇద్దరం మెల్లగా గేటు వైపు నడిచాం. మెట్ల దగ్గర ఆయన కోసం నేను రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.